కమలా చెట్టుకి పిందెలు గిల్లాలంటున్నారు, చెయ్యి రావట్లేదు

పెరటిచెట్టు
ఆరేళ్ల కమలా. అంటు మొక్కే, విత్తనం మొక్క కాదు. ముందటేడు ఆకు కనపడకుండా కాసింది. ఒక్కో కాయ నిమ్మకాయంత, అంతకు మించలేదు. తొక్క తీస్తే తొనల కంటే గింజలే ఎక్కువ. బరువుకి రెండు కొమ్మలు చీలిపోయాయి. సరే, నిరుడైనా బాగా వస్తాయేమో అనుకుంటే చెట్టు మొత్తానికి పదకొండు కాయలు. ఈ ఏడు మళ్లీ విరగబూసింది, ఇప్పుడు గుత్తులు గుత్తులుగా బఠాణీ గింజంత పిందెలు. సగానికి పైగా గిల్లి పారేయమని ఒకాయన సలహా ఇచ్చాడు. నిన్న సాయంత్రం సికేటర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) పట్టుకుని చెట్టు కింద అరగంట నిలబడ్డాను. ఒక్కటి కూడా తుంచకుండా ఇంట్లోకి వచ్చేశా. "కాసే చెట్టుని గిల్లేదాన్ని నిన్నే చూస్తున్నా" అని వెనక నుంచి మా నాన్న. నిజంగా గిల్లాలా? గిల్లితే ఎప్పుడు? ఎన్ని ఉంచాలి?

రసంబొట్టు
గిల్లొద్దు. ఎన్ని మోయగలదో చెట్టుకి తెలుసు. ఎక్కువైనవి అదే రాల్చుకుంటుంది. మీ నాన్నగారి మాటే నా మాట.

సికేటర్_శీను
అక్కా ఇప్పుడు మాత్రం ముట్టుకోకు. బఠాణీ గింజంత ఉన్నప్పుడే తుంచి నేను మునిగాను. మూడేళ్ల కిందట, కొత్త ఉత్సాహం, సగం పిందెలు ఒక్క రోజులో లాగేశా. తర్వాత పది రోజులు వేడి గాలి. మిగిలిన వాటిలో సగం పైన చెట్టే రాల్చింది. చివరికి ముప్పయ్యో ముప్పై రెండో మిగిలాయి. కాయలు మాత్రం బ్రహ్మాండం, ఒక్కోటి పిడికిలికి పట్టలేదు, లోపల తొక్కకీ తొనకీ మధ్య వేలు దూరేంత ఖాళీ.

ఆకులెక్క
రసంబొట్టు గారు చెప్పింది సగం నిజం. బత్తాయి, నారింజ జాతుల్లో పెద్ద చెట్టు లక్షకి పైగా పూలు పూయగలదు. అందులో పండు దాకా వచ్చేవి నూటికి ఒకటో రెండో, చాలాసార్లు ఒకటి కూడా ఉండదు. కాబట్టి రాల్చుకోవడం చెట్టుకి రోజూ పనే.

మిగతా సగం ఏంటంటే, చెట్టు లెక్క వేరు, మన లెక్క వేరు. దానికి కావాల్సింది గింజ. నిమ్మకాయంత కాయలో పది గింజలున్నా దాని పని అయిపోయినట్టే. తొన ఎంత లావుంది, రసం ఎంతుంది అన్నది మన గొడవ. అందుకే అది రాల్చుకున్నాక కూడా మనకి ఎక్కువే మిగులుస్తుంది, ముఖ్యంగా కమలా రకాలు. బత్తాయికి ఇంత పిచ్చి లేదు.

శీను చెప్పింది ముమ్మాటికీ నిజం. పూత రాలడం ఒక దఫా, చిన్న పిందె రాలడం ఇంకో దఫా. ఈ రెండోది అయ్యేదాకా ఆగాలి. పూత మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే రెండు, రెండున్నర నెలలు. అప్పటికి పిందె పెద్ద గోలీ అంత అవుతుంది. కొన్ని దేశాల్లో దీన్నే "జూన్ రాలుడు" అంటారు. ఆ పేరు చూసి క్యాలెండర్ పట్టుకోకండి, మీ చెట్టు ఎప్పుడు పూసిందో దాన్ని బట్టి చూడండి.

పెరటిచెట్టు
రాలడం అయిపోయిందని ఎలా తెలుస్తుంది? రోజూ కింద చూస్తే ఏవో కొన్ని పడుతూనే ఉంటాయి కదా.

మొండికొమ్మ
కింద పడ్డదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మొదట్లో రాలేవి తొడిమతో సహా పడతాయి. కొన్నాళ్లు పోయాక రాలేవి ముచ్చికని చెట్టుకే వదిలేసి ఉత్త పిందె పడుతుంది. కొమ్మ మీద ఖాళీ ముచ్చిక చిన్న ఆకుపచ్చ నక్షత్రంలా నిలబడి ఉంటుంది. ఆ రెండో రకం పడి, అదీ తగ్గిపోయి, రెండు మూడు రోజులకి ఒకటో రెండో అన్నట్టు అయితే టైం వచ్చినట్టే.

ఇంకో గుర్తు. పోయే పిందె ముందే చెబుతుంది: పక్కవాటి కంటే చిన్నగా ఆగిపోయి, ముచ్చిక చుట్టూ లేత పసుపు రంగు తిరుగుతుంది. వేలితో ఊరికే తాకితే చేతిలోకి వచ్చేస్తుంది. వాటిని మీరు లెక్కలో వేసుకోనక్కర్లేదు.

చినుకు
ఈ ఖాళీ నక్షత్రాలు నేను ఇన్నాళ్లూ ఏదో పురుగు తిని పోయిందనుకుని మందు కొట్టాను 🤦

సికేటర్_శీను
చినుకూ, ఆ మందు నక్షత్రాలకి బాగా పనిచేసి ఉంటుంది, మళ్లీ రాలేదుగా.

వేరుపురుగు
గిల్లడం అంటే పెద్ద కాయల కోసమే అన్నట్టు మాట్లాడుతున్నారు. అసలు సంగతి వచ్చే ఏడాదిది. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ముఖం చాటేసిందంటే అదే ఏడు విడిచి ఏడు కాపు. పెరటిచెట్టు గారి చెట్టుకి ఉన్నది అదే జబ్బు. కాయ మోస్తున్నంత కాలం కొత్త చిగురు సరిగా రాదు, వచ్చిన కొమ్మల్లో కూడా మొగ్గ పువ్వుగా మారదు. ఎదిగే కాయ, అందులో గింజలు ఉంటే ఇంకా ఎక్కువగా, పూమొగ్గని అణిచేస్తాయి. తిండి కూడా చాలదు. ఆకు చేసిన పిండి పదార్థం మొత్తం కాయే లాగేస్తుంది, వేర్లకి మిగలదు.

విల్కింగ్ అనే కమలా రకం దీనికి పేరుమోసింది. విరగకాసిన చెట్లలోనూ ఖాళీగా ఉన్న చెట్లలోనూ పిండి నిల్వ ఎంతుందో 1982లో గోల్డ్‌ష్మిట్, గోలాంబ్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. ఖాళీ చెట్ల వేర్లలో నిల్వ నిండుగా ఉంది, కాసిన చెట్ల వేర్లు దాదాపు ఖాళీ. ఫ్లోరిడాలో మర్కాట్ రకం ఇంకా ఘోరం. అతిగా కాసి, వేర్లకి తిండి లేక చెట్లకి చెట్లే కూలిపోయేవి. దాని మీద 1976లోనే పరిశోధన వచ్చింది.

రసంబొట్టు గారూ, "ఎన్ని మోయగలదో చెట్టుకి తెలుసు" అన్నారు. మర్కాట్‌కి తెలియలేదు.

రసంబొట్టు
మర్కాట్ మనిషి ఎంచి పెంచిన రకం. అడవి చెట్టు అలా చావదు. అయినా సరే, ఈ ఒక్క పాయింటు మీకు ఇచ్చేశా.

ఆకులెక్క
వేరుపురుగు చెప్పిన దాంట్లో గింజల సంగతి ఒక్కటే కాదు. సత్సుమా అనే కమలా రకంలో గింజే ఉండదు, అయినా ఏడు విడిచి ఏడు కాస్తుంది. కాబట్టి బరువు, తిండి రెండూ లెక్కలోకి వస్తాయి.

ఎన్ని ఉంచాలి అన్నదానికి వస్తే, జపాన్‌లో సత్సుమా తోటల్లో పిందెలు చేత్తో తీయడం ఏటా చేసే పని. వాళ్ల లెక్క కాయకి ఇరవై నుంచి పాతిక ఆకులు. చెట్టెక్కి ఆకులు లెక్కపెట్టమని కాదు. చేయి పొడవుంత కొమ్మ ఒకటి పట్టుకుని ఒక్కసారి లెక్కపెట్టండి. వంద ఆకులుంటే నాలుగైదు కాయలు. ఆ కొమ్మ ఎంత పలచగా కనపడుతుందో కంటికి పట్టించుకుంటే మిగతా చెట్టంతా కంటి లెక్కే.

గోడపక్కతోట
పేరు ఆకులెక్క అని ఊరికే పెట్టుకోలేదన్నమాట.

ఆకులెక్క
మొదటి ఏడాది నిజంగానే నాలుగు వందల దాకా లెక్కపెట్టాను. మధ్యలో ఫోన్ మోగింది. అంతే, ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు.

కుండీలోతోట
కుండీలో నిమ్మ ఉంది, రెండేళ్లది, పధ్నాలుగు కాయలు పట్టింది. నేను కూడా గిల్లాలా?

మొండికొమ్మ
నిమ్మ ఏడాదిలో మళ్లీ మళ్లీ పూస్తుంది, కాపు చాలా దఫాల్లో పంచుకుంటుంది. పెద్ద నిమ్మ చెట్టుకి ఈ గొడవ అక్కర్లేదు. మీది రెండేళ్లది కాబట్టి వేరే మాట. లేత మొక్క ముందు కొమ్మ కట్టుకోవాలి. మీ ముచ్చట కోసం రెండు ఉంచి మిగతావి తీసేయండి. భూమిలో నాటిన కమలా, బత్తాయి అంట్లకి కూడా మొదటి రెండు మూడేళ్లు మొత్తం తీసేయడమే మేలు.

కుండీలోతోట
రెండా!! 😭 పేర్లు కూడా పెట్టేశాను.

గోడపక్కతోట
ఏవి తీయాలో ఎవరూ చెప్పలేదు. సగం తీయమంటే కనపడ్డ సగం తీస్తారు జనం, చెట్టు బయటి వైపు ఖాళీ, లోపల గుత్తులు అలాగే. నేను చేసే వరుస చెబుతా.

ముందు చెడ్డవి: మచ్చ పడ్డవి, పురుగు గీరినవి, వంకర తిరిగినవి. పిందె మీద గోరంత గీత కాయతో పాటే సాగుతుంది, చివరికి అది తమలపాకంత అవుతుంది. తర్వాత మరీ చిన్నవి. చాలామంది "ఎదుగుతుందిలే" అని చిన్నది ఉంచి, పెద్దది గిల్లడానికి జాలిపడి గుత్తి మొత్తం ఉంచేస్తారు. ఈ దశలో వెనకబడింది కోతకి కూడా వెనకబడే ఉంటుంది. తర్వాత కొమ్మల గుబురులో ఎండ తగలనివి.

ఆఖరుది వింటే ఆశ్చర్యపోతారు. చెట్టు నెత్తి మీద లావు కొమ్మ చివర ఆకాశం వైపు ముఖం పెట్టుకుని నిలబడే కాయ ఉంటుంది చూడండి, అందరికంటే ముందు పెద్దదయ్యేది. చూస్తే ముచ్చటేస్తుంది. కమలా రకాల్లో అది దళసరి తొక్కతో గరుగ్గా తయారవుతుంది, ఎండకి ఒక పక్క మాడుతుంది కూడా. దాన్నే తీసేయాలి. సన్న కొమ్మకి, చుట్టూ ఆకులున్న చోట, పక్కకో కిందికో వేలాడేవి ఉంచండి. రుచి వాటిలో ఉంటుంది.

పెరటిచెట్టు
నెత్తిమీద కాయల్ని ముందటేడు వాటికోసమే ప్రత్యేకంగా ఊతకర్ర పెట్టి కాపాడాను. ఇప్పుడర్థమైంది అవి ఎందుకు అంత చప్పగా ఉన్నాయో.

సికేటర్_శీను
కాయకీ కాయకీ ఎంత దూరం అని కొలత కావాలంటే బెత్తెడుకి తగ్గకుండా, జానెడుకి మించకుండా. గుత్తికి ఒకటి, ఆకులు బాగా ఉంటే రెండు.

ఇంకోటి. లాగొద్దు అక్కా. నేను మొదటిసారి గుంజితే పిందెతో పాటు కొమ్మ బెరడు సన్నగా తాడులా చీలి వచ్చింది. పిందెని బొటనవేలుతో పక్కకి తిప్పితే ముచ్చిక దగ్గర టిక్‌మని విడుతుంది. ముదిరితే మొన మొద్దుగా ఉన్న కత్తెర వాడు, మొన వాడిగా ఉంటే ఉంచాల్సిన కాయకి గుచ్చుకుంటుంది. సాయంత్రానికి వేళ్లు నూనెతో జిగురు పట్టి నల్లబడతాయి, సబ్బుకి కూడా పోదు. వాసన మాత్రం రెండు రోజులుంటుంది, అది కూలి కింద అనుకో.

పాతతోటమాలి
అందరూ పిందెల మీద పడ్డారు. కాయ చిన్నదవడానికి కారణం కాపు ఒక్కటేనా? నా తోటలో ఒక ఏడాది పిందె గోలీ దాటి ఉబ్బే టైంలో బోరు పాడై ఇరవై రోజులు నీళ్లు లేవు. ఆ ఏడు కాపు పలచన, అయినా కాయ చిన్నదే. కాయలో కణాలు పుట్టే దశ ముందు, అవి రసంతో ఉబ్బే దశ తర్వాత. ఉబ్బే దశలో నీళ్లు తప్పితే ఎన్ని గిల్లినా దండగ. పొటాష్ తక్కువైనా కాయ సైజు రాదు.

ఇంకా ముఖ్యమైనది: ఆ చిన్న కాయల్ని కోసి చూశారా? అడ్డంగా కాదు, నిలువుగా, ముచ్చిక నుంచి కిందికి. నడిమి కాడ వంకరగా ఉండి, గింజలు నల్లగా వట్టిపోయి, కాయ కింది భాగం పచ్చగానే ఉండిపోతే, ఆకు మీద ఈనెకి రెండు పక్కలా పొంతన లేని పసుపు మచ్చలుంటే అది గ్రీనింగ్ అనే తెగులు. దానికి గిల్లుడు మందు కాదు.

పెరటిచెట్టు
భయపెట్టారు. ముందటేడు కాయల ఫొటోలు వెతికి చూశా. చిన్నవే గానీ గుండ్రంగానే ఉన్నాయి, రంగు కూడా అంతటా వచ్చింది, గింజలు బొద్దుగా ఉన్నాయి. ఆకు ముదురు పచ్చ. నీళ్లు డ్రిప్పు, తప్పలేదు.

పాతతోటమాలి
అయితే అతికాపే. గిల్లండి.

చినుకు
వందల చెట్లున్నవాళ్లు చేత్తో గిల్లడం అయ్యే పనేనా? స్ప్రే ఏదో ఉందంటారు.

వేరుపురుగు
ఎన్‌ఏఏ. హార్మోన్ మందు అది, పిందెలు తమంతట తాము రాలే రోజుల్లో కొడితే ఆ రాలుడుని పెంచుతుంది. కమలా తోటల్లో వాడతారు. చిక్కేంటంటే ఎండ తీవ్రత బట్టి దాని పని మారిపోతుంది. చల్లగా ఉంటే చాలీచాలని రాలుడు, వేడెక్కితే చెట్టు ఊడ్చేస్తుంది. నచ్చినవి ఉంచి నచ్చనివి తీయడం దానికి రాదు. ఒక చెట్టుకి ఆ ఆలోచనే వద్దు.

పెద్ద తోటకి నేను చేసేది కత్తిరింపు. విరగకాసే ఏడు వస్తోందని తెలుసు కదా, పూతకి ముందే సన్న కొమ్మలు కొన్ని పలచన చేస్తే పువ్వే తగ్గుతుంది, కొత్త చిగురు వస్తుంది. తర్వాత గిల్లే పని సగం అవుతుంది.

రసంబొట్టు
ఒక్కటి అడుగుతా, ఎవరైనా తూచి చూశారా? పిందెలు తీస్తే మొత్తం బరువు పెరుగుతుందా?

ఆకులెక్క
పెరగదు. నిజం చెప్పాలి కదా. ఉన్నవి పెద్దవవుతాయి గానీ తీసేసిన వాటి బరువంతా పూడదు. ఆ ఏడాదికి మొత్తం తూకం తగ్గుతుంది, పెద్ద సైజు కాయల వాటా పెరుగుతుంది. మరీ ఎక్కువ తీస్తే శీను కాయల్లా తొక్క ఉబ్బి, లోపల బోలుగా వస్తుంది.

రసంబొట్టు
అదీ మాట. ఇంతసేపు ఎవరూ చెప్పలేదు.

గోడపక్కతోట
అడగాల్సింది ఒక్క ఏడాది తూకం కాదు, రెండేళ్లది కలిపి.

పెరటిచెట్టు
ఆరు వారాలు ఆగాను. ఖాళీ నక్షత్రాలు ఆగిపోయాయి, పిందె పెద్ద గోలీ అయింది. నిన్నా ఇవాళా పని పూర్తి చేశా. లెక్కపెట్టుకుంటూ బకెట్‌లో వేశా, మూడు వందల పన్నెండు. మొదటి ఇరవై తుంచేటప్పుడు ప్రతిదానికీ గుండె కలుక్కుమంది. వంద దాటాక చెయ్యి దానంతట అదే వెళ్లిపోయింది.

తూర్పు వైపు పెద్ద కొమ్మ ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. మా నాన్న దానికి ఎర్ర గుడ్డ కట్టి "ఇది నాది" అన్నారు.

మొండికొమ్మ
భలే ప్రయోగం. కొమ్మకి కొమ్మ చాలావరకు తన తిండి తానే చూసుకుంటుంది కాబట్టి తేడా కనపడాలి. ఆ ఎర్రగుడ్డ కొమ్మకి సమానంగా ఉన్న ఇంకో కొమ్మ చూసుకుని దానికి కూడా గుర్తు పెట్టండి. అన్నీ కలిపి చూస్తే తేలదు.

సికేటర్_శీను
నాన్నగారి కొమ్మకి ఊతకర్ర మర్చిపోకు.

పెరటిచెట్టు
పెట్టాం. ఒకటి చాలక రెండు.

చినుకు
అక్కా చాలా నెలలైంది, కాయ కోశారా? ఏమైంది ఎర్రగుడ్డ?

పెరటిచెట్టు
మొన్ననే కోశాం. నాన్న కొమ్మకి తొంభై ఆరు కాయలు. నేను పోటీకి గుర్తు పెట్టిన కొమ్మకి ముప్పై ఎనిమిది. నావి పిడికిలి నిండా ఉన్నాయి, తొక్క బిగువుగా ఉంది, బోలు లేదు. ఆయనవి నిమ్మకాయ కంటే కాస్త నయం, పులుపు కూడా ఇంకా విరగలేదు.

తర్వాత ఆయన లోపలికి వెళ్లి తక్కెడ తెచ్చారు. తూచారు. ఆయన కొమ్మే కిలోకి పైగా ఎక్కువ తూగింది. ఇంట్లో ఆ సంగతి ఇప్పటికి ఎనిమిదిసార్లు విన్నాను.

రసంబొట్టు
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి 😂

ఆకులెక్క
ఎర్ర గుడ్డ విప్పకండి. వచ్చే పూతకి ఆ కొమ్మ మీద ఎన్ని పూలు వస్తాయో చూడాలి.

పెరటిచెట్టు
విప్పలేదు. తక్కెడ కూడా లోపల పెట్టనివ్వట్లేదు ఆయన.